మెడలో గడ్డకు ముందు సూది, తర్వాతే కత్తి

గడ్డం గీసుకుంటున్నప్పుడో, జడ వేసుకుంటున్నప్పుడో మెడ మీద చేతికి ఏదో తగులుతుంది. శనగగింజంతో, ఉసిరికాయంతో ఉంటుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని చాలామంది నెలల తరబడి దాని సంగతే పట్టించుకోరు. మరికొందరు ఆ రాత్రే ఫోనులో వెతికి, క్యాన్సరేనని తేల్చేసుకుని నిద్ర మానుకుంటారు. ఇద్దరిదీ పొరపాటే. మెడలో గడ్డకు పదుల కొద్దీ కారణాలు ఉంటాయి. వాటిలో చాలావరకు మందులతోనో, చిన్న ఆపరేషన్‌తోనో నయమయ్యేవే. అయితే నొప్పి లేకపోవడం మంచి గుర్తేమీ కాదు. చీము పట్టిన గడ్డ సలుపుతుంది. క్యాన్సర్ గడ్డ మొదట్లో ఏ బాధా పెట్టకుండా పెరుగుతుంది.

పైనుంచి తడిమి అది ఏ గడ్డో కచ్చితంగా చెప్పడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టం. అందుకే గడ్డలోకి సన్నటి సూది పంపి, లోపలి కణాలను కాసిన్ని బయటికి తీసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆసుపత్రుల్లో దీన్ని ఎఫ్ఎన్ఏసీ అంటారు, జనం సూది పరీక్ష అంటారు. ఖర్చు తక్కువ, కోత ఉండదు, కుట్లు ఉండవు, ఆసుపత్రిలో చేరే పని లేదు. కాకపోతే దాని రిపోర్టును చదవడంలోనే చాలామంది తడబడతారు. సూదికి అందినదాన్ని బట్టే రిపోర్టు వస్తుంది. ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని రాస్తే, అన్ని గడ్డల విషయంలోనూ ‘క్యాన్సర్ లేదు’ అని అర్థం కాదు. ముఖ్యంగా లోపల నీరు నిండిన గడ్డల్లో ఈ తేడా తెలియకపోతే నష్టం జరుగుతుంది.

ఎక్కడ, ఏ వయసులో

మన మెడలో సుమారు 300 లింఫ్ గ్రంథులు ఉంటాయి. పన్ను పుచ్చినా, టాన్సిల్స్ వాచినా, తలలో కురుపులు లేచినా ఆ దగ్గర్లోని గ్రంథులు ఉబ్బుతాయి. ‘బిళ్ళ కట్టింది’ అనేది వీటినే. అసలు కారణం తగ్గితే అవీ రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. పిల్లల మెడలో చిన్న చిన్న బిళ్ళలు తగలడం చాలా మామూలు. ప్రతిదానికీ సూది అక్కర్లేదు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. నలభై దాటినవాళ్ళకు, అందులోనూ గుట్కా, ఖైనీ, బీడీ, సిగరెట్, మద్యం అలవాటున్నవాళ్ళకు మెడలో తగ్గని గడ్డ కనిపిస్తే, నోటిలోనో గొంతులోనో ఉన్న క్యాన్సర్ అక్కడికి పాకిందేమోనని ముందుగా చూడాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను మండే వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలి మీద పుండ్లు, క్యాన్సర్లు వస్తాయని వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. అలాంటివాళ్ళకు మెడ గడ్డ కనిపిస్తే డాక్టరు మొదట చూడాల్సింది నోరు.

గడ్డ ఉన్న చోటు కూడా కొంత చెబుతుంది. మెడ ముందు భాగంలో ఉండి, మింగినప్పుడు పైకి కదిలితే అది సాధారణంగా థైరాయిడ్‌ది. గొంతు మధ్య గీత మీద ఉండి, నాలుక బయట పెట్టినప్పుడు కూడా పైకి లేస్తే థైరోగ్లాసల్ తిత్తి కావచ్చు. చెవి కింద, దవడ మూల దగ్గర ఉంటే లాలాజల గ్రంథిని అనుమానించాలి. కాలర్ ఎముకకు పైన గుంటలో గట్టిగా తగిలితే ఛాతీ నుంచో, పొట్ట నుంచో వచ్చిందేమో చూడాలి. చర్మం కిందే మెత్తగా జారిపోయే కొవ్వు గడ్డలు చాలావరకు ప్రమాదం లేనివి.

పెద్దవాళ్ళలో గడ్డ రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి ఉన్నా, గట్టిగా ఉన్నా, వేలితో కదిపితే కదలకపోయినా చూపించుకోవాలి. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, చెవిలో ఏ లోపమూ లేకుండా ఒక వైపే చెవి పోటు, నోటిలో మానని పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం తోడైతే ఇంకా త్వరపడాలి. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు నిపుణుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇవే గుర్తులు చెబుతాయి. అందులో మనం గమనించాల్సిన మాట మరొకటి ఉంది. జ్వరం, ఎరుపు, నొప్పి లాంటి ఇన్ఫెక్షన్ లక్షణాలేవీ లేని గడ్డకు యాంటీబయాటిక్స్ రాసి పంపేయకూడదు. మన దగ్గర మందుల షాపులో ఒక కోర్సు, ఆర్ఎంపీ దగ్గర ఇంకో కోర్సు వాడేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. పోయేది డబ్బు మాత్రమే కాదు, జబ్బు చిన్నగా ఉన్న కాలం కూడా.

సూది గుచ్చే పది నిమిషాలు

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చినవాళ్ళు న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్‌కు చెందిన హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్. 1930లో వాళ్ళు తమ అనుభవాన్ని ప్రచురించారు. అప్పట్లో వాడింది 18 గేజ్ సూది, లావుపాటిది. తర్వాత 1950, 60 దశకాల్లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కాలో సిక్స్‌టెన్ ఫ్రాన్సెన్, ఆయన సహచరులు సన్నటి సూదితో ఈ పరీక్షకు ఇప్పటి రూపం ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి 23 నుంచి 25 గేజ్ సూదులు. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 25 గేజ్ సూది లావు అర మిల్లీమీటరే. రక్తం తీసే మామూలు సూది కంటే ఇది సన్నం.

పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి. వాటిని ఆపాలో వద్దో డాక్టరు చెబుతారు, సొంతంగా ఆపకూడదు. బల్ల మీద పడుకోబెట్టి, మెడ కాస్త వెనక్కి వాలేలా భుజాల కింద దిండు పెడతారు. చర్మాన్ని స్పిరిట్‌తో తుడుస్తారు. సూది లోపల ఉన్న కొద్ది సెకన్లు మింగకూడదు, మాట్లాడకూడదు. గడ్డలోనే సూదిని ముందుకూ వెనక్కూ కదిలిస్తూ కణాలను లాగుతారు. ఒకే చోట తీస్తే సరిపోదు కాబట్టి రెండు మూడు సార్లు గుచ్చడం మామూలే. ‘మొదటిసారి తప్పు చేశారు’ అనుకోనక్కర్లేదు. తర్వాత అయిదు పది నిమిషాలు దూదితో అదిమి పట్టుకుంటే చాలు, ఇంటికి వెళ్ళిపోవచ్చు.

చేతికి సరిగా అందని గడ్డ అయినా, లోపల కొంత నీరు కొంత కండ ఉన్నా, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ గుచ్చడం మేలు. సూది మొన ఎక్కడుందో కనిపిస్తుంది కాబట్టి కావలసిన చోటి నుంచే తీయొచ్చు.

తీసిన పదార్థాన్ని గాజు స్లైడ్ల మీద పలచగా పరుస్తారు. కొన్నిటిని ఆరనిచ్చి, కొన్నిటిని వెంటనే ఆల్కహాలులో ముంచి, రంగులు వేసి పాథాలజిస్టు చూస్తారు. కణాలు ఏ జాతివి, గుంపులుగా ఉన్నాయా విడివిడిగా ఉన్నాయా, కణ కేంద్రకాలు ఒకే తీరుగా ఉన్నాయా, చుట్టూ చీము ఉందా, కుళ్ళిన పదార్థం ఉందా: వీటిని బట్టి రిపోర్టు తయారవుతుంది.

గండమాల: మన దగ్గర మొదట తలచుకోవాల్సింది

ఊపిరితిత్తులకు బయట వచ్చే క్షయలో మన దేశంలో ఎక్కువగా కనిపించేది లింఫ్ గ్రంథుల క్షయ. అదీ ఎక్కువగా మెడలోనే వస్తుంది. పాత వైద్యంలో గండమాల అన్నది దీన్నే. బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం ఉండొచ్చు, ఏమీ లేకుండానూ ఉండొచ్చు.

ఇక్కడ సూది పరీక్ష ఒకే దెబ్బకు రెండు పనులు చేస్తుంది. మైక్రోస్కోపు కింద క్షయలో మామూలుగా ఉండే కణాల గుంపులు, జున్నులా కుళ్ళిన పదార్థం కనిపిస్తాయి. సూదిలోని మిగతా పదార్థాన్ని సీబీనాట్ పరీక్షకు పంపితే క్షయ క్రిమి జన్యువు ఉందో లేదో యంత్రం రెండు గంటల్లో చెబుతుంది. ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఈ పరీక్షా, మందులూ ఉచితం. అందుకే క్షయ అనుమానం ఉన్నప్పుడు సూది గుచ్చకముందే ‘సీబీనాట్‌కు కూడా పంపుతారా?’ అని అడగడం మంచిది. పదార్థమంతా స్లైడ్ల మీద పరిచేశాక అడిగితే మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది.

మందులు సాధారణంగా ఆరు నెలలు. వాడుతుండగా బిళ్ళలు కొన్నాళ్ళు ఉబ్బినట్టు కనిపించినా మందులు మానకూడదు, డాక్టరుకు చూపించాలి. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా మెడలోనే ఉన్న క్షయ పక్కవాళ్ళకు అంటదు. కంచం, గ్లాసు వేరుచేసి ఇంట్లో మనిషిని బాధపెట్టే పని లేదు.

నీటి తిత్తులతో జాగ్రత్త

సూది పరీక్ష ఎక్కువగా తికమక పెట్టేది తిత్తుల దగ్గరే. తిత్తి అంటే చుట్టూ పలచని గోడ, లోపల ద్రవం. పుట్టుకతో మిగిలిపోయిన లోపాల వల్ల వచ్చే తిత్తులు రెండు రకాలు ఎక్కువ. మెడ మధ్యలో వచ్చే థైరోగ్లాసల్ తిత్తి ఒకటి. గర్భంలో ఉండగా థైరాయిడ్ నాలుక మొదలు నుంచి కిందికి దిగిన దారి పూర్తిగా మూసుకుపోకపోతే ఇది ఏర్పడుతుంది. దీన్ని తిత్తి వరకే తీస్తే మళ్ళీ వస్తుంది. గొంతులోని హయాయిడ్ ఎముక మధ్య ముక్కతో సహా తీసే పద్ధతిని 1920లో సిస్‌ట్రంక్ అనే అమెరికన్ సర్జన్ చెప్పారు, ఇప్పటికీ అదే ఆపరేషన్. రెండోది మెడ పక్కన, చెవి వెనుక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే కండరం ముందు అంచున వచ్చే బ్రాంకియల్ తిత్తి. ఎక్కువగా యువతీ యువకుల్లో, జలుబు చేసిన తర్వాత ఒక్కసారిగా ఉబ్బి బయటపడుతుంది.

సూదిలోకి వచ్చిన ద్రవం రంగు కొంత సమాచారం ఇస్తుంది. బ్రాంకియల్ తిత్తిలోంచి గడ్డి రంగులోనో చిక్కగా పాలిపోయినట్టో వస్తుంది, అందులో కొలెస్టరాల్ స్ఫటికాలు మెరుస్తాయి. థైరాయిడ్ తిత్తిలో పాత రక్తం చేరితే చాక్లెట్ రంగులో ఉంటుంది. మంచినీళ్ళలా తేటగా వస్తే పారాథైరాయిడ్ తిత్తి కావచ్చు. అప్పుడు ఆ నీటిలోనే పారాథైరాయిడ్ హార్మోన్ కొలుస్తారు. చీము వస్తే కల్చర్‌కు, క్షయ పరీక్షకు పంపుతారు. అయితే రంగు చూసి ఎవరూ తుది తీర్పు ఇవ్వరు, ఇవ్వకూడదు.

ఎందుకంటే టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో పుట్టిన క్యాన్సర్ మెడ గ్రంథికి చేరాక, ఆ గ్రంథి మధ్య భాగం కుళ్ళి నీరైపోవచ్చు. పైకి అచ్చం బ్రాంకియల్ తిత్తిలాగే, అదే చోట, అంతే మెత్తగా తగులుతుంది. ఇలాంటివాటిలో చాలావాటికి హెచ్‌పీవీ వైరస్ కారణం, కాబట్టి ఎప్పుడూ పొగ తాగనివాళ్ళలోనూ కనిపిస్తాయి. టాన్సిల్‌లో అసలు గడ్డ కంటికి ఆననంత చిన్నదిగా ఉండొచ్చు. థైరాయిడ్‌లోని పాపిలరీ క్యాన్సర్ కూడా మెడ పక్కన ఇలా నీటి గడ్డగానే బయటపడగలదు.

ఇలాంటి గడ్డ మధ్యలోంచి సూది లాగితే వచ్చేది నీరు, చచ్చిన కణాలు. బతికున్న క్యాన్సర్ కణాలు గోడను అంటిపెట్టుకుని ఉంటాయి. రిపోర్టులో ‘తిత్తిలోని ద్రవం, క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని వస్తుంది. రాసింది నిజమే, కానీ ఆ సూది గోడ దాకా వెళ్ళలేదు. ముందు చెప్పిన 2017 అమెరికా మార్గదర్శకాలు కూడా పెద్దవాళ్ళ మెడలోని నీటి గడ్డను మంచిదేనని ముందే అనుకోవద్దనీ, ఏమిటో తేలేదాకా పరీక్షలు ఆపొద్దనీ స్పష్టంగా చెబుతున్నాయి.

మరి ఏం చేయాలి? నీరంతా లాగాక మళ్ళీ తడిమి చూస్తారు. గట్టిగా ఏదైనా మిగిలితే అక్కడ మళ్ళీ గుచ్చుతారు. అల్ట్రాసౌండ్‌లో గోడ మందంగా ఉన్న చోటు చూసుకుని అక్కడి నుంచి తీస్తారు. ద్రవాన్ని పారబోయకుండా యంత్రంలో వేగంగా తిప్పి, అడుగుకు చేరిన కణాలను చూస్తారు. థైరాయిడ్ అనుమానం ఉంటే సూదిని కడిగిన నీటిలో థైరోగ్లోబ్యులిన్ అనే థైరాయిడ్ ప్రోటీన్ కొలుస్తారు. మెడ పక్కన ఉన్న గడ్డలో అది ఎక్కువగా ఉంటే థైరాయిడ్ క్యాన్సర్ పాకిందని దాదాపు తేలినట్టే. ఇవన్నీ చేసినా తేలకపోతే స్కాన్లు తీసి, ముక్కులోంచి గొట్టం పంపి గొంతు లోపలంతా చూసి, అప్పుడు ఆపరేషన్‌కు వెళతారు.

ఇంకో సంగతి. నీరు లాగగానే గడ్డ కనిపించకుండా పోతుంది, నయమైందని సంబరపడతాం. గోడ లోపలే ఉంది కాబట్టి పుట్టుకతో వచ్చిన తిత్తులు మళ్ళీ నిండుతాయి. థైరాయిడ్‌లోని మామూలు నీటి తిత్తులు మాత్రం కొన్నిసార్లు లాగడంతోనే తగ్గిపోతాయి.

థైరాయిడ్ రిపోర్టులోని ఆరు అంకెలు

థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. సెంటీమీటరు కంటే చిన్నవాటికి చాలావరకు సూది కూడా అక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌లో అనుమానం కలిగించేవాటికే గుచ్చుతారు. రిపోర్టు చివర ‘బెథెస్డా’ అనే మాట పక్కన ఒకటి నుంచి ఆరు వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. 2007లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశం నుంచి పుట్టిన వర్గీకరణ ఇది. 2023లో దీని మూడో కూర్పు వచ్చింది.

ఒకటి అంటే సరిపడా కణాలు దొరకలేదని. కనీసం పదేసి కణాలున్న గుంపులు ఆరైనా కనిపిస్తేనే స్లైడు లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఒకటి వస్తే సంతోషించనూ కూడదు, భయపడనూ కూడదు, మళ్ళీ చేయించుకోవాలి. రెండు అంటే మామూలు గడ్డ, క్యాన్సర్ అవకాశం నూటికి రెండు నుంచి ఏడు. అప్పుడప్పుడూ అల్ట్రాసౌండ్‌తో చూసుకుంటే చాలు. మూడు అంటే అటూ ఇటూ తేలనిది. మళ్ళీ సూది, లేదా జన్యు పరీక్ష, లేదా డాక్టరు నిర్ణయాన్ని బట్టి ఆపరేషన్. నాలుగు అంటే ఫాలిక్యులర్ గడ్డ. అయిదు గట్టి అనుమానం. ఆరు దాదాపు ఖాయం.

నాలుగు దగ్గర సూది చేతులెత్తేస్తుంది. ఫాలిక్యులర్ గడ్డ మంచిదైనా చెడ్డదైనా కణాలు ఒకేలా కనిపిస్తాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరను ఛేదించిందా, రక్తనాళాల్లోకి చొరబడిందా అన్నదాన్ని బట్టే అది క్యాన్సరో కాదో తేలుతుంది. విడి ఇటుకలు నాలుగు చేతికిస్తే ఇల్లు ప్రహరీ దాటి కట్టారో లేదో చెప్పలేం కదా. అందుకే ఆ వైపు థైరాయిడ్‌ను తీసి, గడ్డను మొత్తంగా పరీక్షిస్తారు. ఇది సూది పరీక్ష విఫలం కావడం కాదు, దాని హద్దు.

సూది సరిపోని మరో జబ్బు లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్. అనుమానం వరకు సూది కలిగిస్తుంది. ఏ రకమో తేల్చి మందులు మొదలుపెట్టాలంటే గ్రంథి అల్లిక చెదరకుండా కనిపించాలి. అప్పుడు లావు సూదితో ముక్క తీయడమో, గ్రంథిని మొత్తంగా తీయడమో తప్పదు.

భయాలు, నిజాలు

‘సూది పెడితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది’ అన్న భయం ఇంటింటా ఉంది. సన్నటి సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం అత్యంత అరుదు. నిజానికి నష్టం చేసేది తొందరపడి కోసే ముక్క పరీక్ష. నోటి, గొంతు క్యాన్సర్ పాకిన గ్రంథిని ముందే కోసి తీస్తే అక్కడి పొరలు చెదిరిపోతాయి, మచ్చ కడుతుంది, తర్వాత మెడ మొత్తం శుభ్రం చేసే ఆపరేషన్ కష్టమవుతుంది. సూది పరీక్షకు దారి వేసిన హేస్ మార్టిన్ కూడా, నోరూ గొంతూ వెతకకుండా మెడ గ్రంథిని కోయడం తప్పని గట్టిగా వాదించిన సర్జనే. ముందు నోరు, గొంతు చూడటం, తర్వాత సూది, చివరికే కత్తి: ఈ వరస మారకూడదు.

సూదికి చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. గుచ్చిన చోట కమిలినట్టు అవుతుంది, ఒకటి రెండు రోజులు నొప్పి ఉండొచ్చు, కొందరికి భయంతో కళ్ళు తిరుగుతాయి. వాపు పెరుగుతూ ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అలా జరగడం చాలా తక్కువ. నాడిలా కొట్టుకుంటున్న గడ్డలోకి మాత్రం అల్ట్రాసౌండ్ చూడకుండా సూది పంపకూడదు, అది రక్తనాళానికి సంబంధించినది కావచ్చు.

రిపోర్టు చేతికి వచ్చాక దాన్ని ల్యాబు మెట్ల మీదే చదివి నిర్ణయానికి రావద్దు. గడ్డను తడిమి చూసిన డాక్టరు, అల్ట్రాసౌండ్, రిపోర్టు ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. చెప్పకపోతే మళ్ళీ సూది అడగడం మీ హక్కు. స్లైడ్లను ల్యాబు నుంచి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు. కొత్తగా గుచ్చే అవసరం లేకుండా రెండో అభిప్రాయం వస్తుంది. ‘ఏమీ లేదు’ అన్న రిపోర్టు ఇంట్లో భద్రంగా ఉన్నా గడ్డ పెరుగుతూనే ఉంటే, నమ్మాల్సింది గడ్డనే. ఆ రిపోర్టు చెప్పింది ఆ రోజు సూదికి అందిన కణాల గురించి మాత్రమే.